కడియం నర్సరీ సైట్‌కు గూగుల్ కీవర్డ్ ప్లానర్ ఎంతవరకు పనికొస్తుంది?

సొంత వెబ్‌సైట్ పెట్టుకుని, దానిని గూగుల్ మొదటి పేజీలో చూసుకోవాలనుకునే కొత్తవారికి ఎవరిని అడిగినా ముందుగా చెప్పేది, జనం గూగుల్‌లో ఏ పదాలతో వెతుకుతున్నారో చూపే గూగుల్ కీవర్డ్ ప్లానర్ గురించే. అది ఉచితం, ఇచ్చేది స్వయంగా గూగుల్, పైగా దాని పట్టికలో 'పోటీ' అనే గడి ఒకటి ఉంది. కాబట్టి ఏ పదానికి పోటీ తక్కువగా కనిపిస్తే ఆ పదం మీద ఒక పేజీ రాసుకుంటే చాలునన్న అభిప్రాయం తేలికగా ఏర్పడుతుంది. కడియపులంకలో మా బంధువులు నడిపే నర్సరీకి సైట్ తయారుచేస్తూ కొంతకాలంగా దీనిని వాడుతున్నాను. జనం ఏ మాటలతో వెతుకుతున్నారో తెలుసుకోవడానికి ఇది మంచి పరికరమే. ర్యాంకు కోసం, అంటే ఫలితాల వరుసలో పై స్థానం కోసం, ఎంత పోటీ ఉందో తేల్చుకోవడానికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఆ గడి చూపేది వేరే పోటీ.

దీనిని తెరవడంలోనే కొత్తవారికి మొదటి చిక్కు ఎదురవుతుంది. ఇది విడిగా దొరికే పరికరం కాదు. 2018 వరకు యాడ్‌వర్డ్స్ పేరుతో ఉండి, ఆ తరువాత గూగుల్ యాడ్స్‌గా మారిన ప్రకటనల వ్యవస్థలో ఇదొక భాగం. అందువల్ల ముందు యాడ్స్ ఖాతా తెరవాలి. ఖాతా ఏర్పాటు పూర్తి కావాలంటే చెల్లింపు వివరాలు ఇచ్చి, ఒక ప్రకటన ప్రచారాన్ని సిద్ధం చేయమని అది అడుగుతుంది. ఆ ప్రచారాన్ని వెంటనే పాజ్‌లో పెట్టుకుంటే రూపాయి ఖర్చు కాదు. ఈ సంగతి ముందే తెలియనివారు కార్డు వివరాలు అడిగిన చోటే వెనక్కి తిరిగిపోతారు, వారిని తప్పుపట్టలేం.

లోపలికి వెళ్లాక రెండు దారులుంటాయి. ఒకటి కొత్త పదాలు కనుగొనడానికి, రెండవది మన దగ్గర ఉన్న పదాలకు సంఖ్యలు తెలుసుకోవడానికి. మొదటి దారిలో పది వరకు పదాలు ఇవ్వవచ్చు. పదాలకు బదులు ఏదైనా సైట్ చిరునామా ఇచ్చినా, దానికి దగ్గరగా ఉన్న పదాలను వెతికి చూపుతుంది. నాకు అన్నిటికంటే నచ్చిన సౌకర్యం ఇదే. మనకంటే ముందు నుంచి ఉన్న మరో మొక్కల సైట్ చిరునామా ఇచ్చి చూస్తే, మన నర్సరీ రైతులు నూరువరహాలు అని పిలిచే మొక్కను కొనేవారు ఇక్సోరా అని వెతకడం వంటివి ఎన్నో బయటపడతాయి. ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌కో, ఒక నగరానికో పరిమితం చేసుకోవచ్చు. భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది.

ఇక పోటీ గడి విషయం. ఇందులో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు స్థాయిలు కనిపిస్తాయి. ఒక పదానికి తమ ప్రకటన చూపించమని వేలంలో పాల్గొంటున్న ప్రకటనదారులు, మిగిలిన పదాలతో పోలిస్తే ఎక్కువమంది ఉన్నారా, తక్కువమంది ఉన్నారా అన్నదే ఈ స్థాయికి అర్థం. గూగుల్ తన సహాయ పేజీలో ఈ మాట దాపరికం లేకుండానే రాసింది. గడి పేరు చూసి సొంత అర్థం చెప్పుకునేది మనమే. ప్రకటనల తరువాత వచ్చే మామూలు ఫలితాల వరుసలో డబ్బు పెట్టి స్థానం కొనడం కుదరదు, అక్కడ వేలమే లేదు. ఆ వరుసలో ఎదురయ్యే పోటీదారులు ప్రకటనదారులు కారు, ఇప్పటికే అక్కడ ఉన్న పేజీలు. అంబాజీపేట మార్కెట్‌కు కొబ్బరికాయలు కొనడానికి ఎందరు వ్యాపారులు వచ్చారో లెక్కపెట్టి, చెట్టెక్కి గెల దింపడం ఎంత కష్టమో చెప్పబోతే ఎలా ఉంటుందో, ఈ గడిని చూసి ర్యాంకు అంచనా వేయడం అలా ఉంటుంది.

ఈ తేడా వల్ల ఎంత నష్టమో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. కొబ్బరి మొక్కల మధ్య ఎంత దూరం ఉండాలన్నది కోనసీమలోనే కాదు, కొబ్బరి పండే ప్రతిచోటా రైతులు అడిగే ప్రశ్న. మామూలుగా 7.5 మీటర్లు, అంటే సుమారు 25 అడుగులు వదలమంటారు. ఇలాంటి ప్రశ్నకు డబ్బు పెట్టి ప్రకటన ఇచ్చేవారు ఉండరు కాబట్టి ప్లానర్ దీనికి 'తక్కువ' అని చూపడం సహజమే. తక్కువ అని రాసి ఉందని సంతోషించి పేజీ రాసినవారు, గూగుల్ ఫలితాల మొదటి పేజీ తెరిచి చూస్తే అక్కడ కొబ్బరి అభివృద్ధి బోర్డు, వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలు, పెద్ద పత్రికల వంటివి కూర్చుని ఉంటాయి. వాటికి ఏళ్ల తరబడి ఇతర సైట్ల నుంచి లింకులు వచ్చి చేరాయి, వాటి మాటకు విలువ ఉంది. నిన్నగాక మొన్న పుట్టిన నర్సరీ సైట్ అదే విషయాన్ని అవే మాటల్లో చెప్పి వాటిని దాటాలనుకోవడం అత్యాశ.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పరిస్థితి కూడా ఉంది, కొత్తవారికి లాభం దాగి ఉన్నది అక్కడే. లేఅవుట్లకు, రిసార్టులకు లారీ లోడ్ల లెక్కన కొనే ఫాక్స్‌టెయిల్ పామ్, ఫైకస్ వంటి అలంకరణ మొక్కల హోల్‌సేల్ పదాలకు ప్రకటనదారులు పోటీపడతారు. గడిలో 'ఎక్కువ' అని ఉంటుంది, దాని పక్కనే పేజీ పైభాగంలో ప్రకటన రావడానికి ఎంత ధర పలుకుతున్నదో కూడా ఉంటుంది. ఆ ధర చూసి భయపడవలసిన పని లేదు. ఆ పదంతో వెతికేవారు నిజంగా కొనేవారేనని అది చెబుతున్నది. అలాంటి పదానికి మామూలు ఫలితాలు తెరిస్తే, నేను చూసినంతలో, ఫోను నంబరు తప్ప మరేమీ లేని డైరెక్టరీ పేజీలు, ధర రాయని జాబితాలు, పాత వీడియోలు తరచుగా తగిలాయి. మొక్క ఎత్తు, సంచి సైజు, లోడుకు ఎన్ని పడతాయి, ఏ నెలలో పంపగలరు అన్న వివరాలతో, నర్సరీలోనే తీసిన ఫోటోలతో రాసిన పేజీకి అక్కడ చోటు దొరికే అవకాశం ఉంది. పోటీ గడిని నమ్ముకున్నవారు ఈ పదాలను ముట్టుకోకుండానే వదిలేస్తారు.

నెలవారీ వెతుకులాటల సంఖ్య గురించి కూడా చెప్పాలి. ప్రకటనలకు ఖర్చు పెట్టని ఖాతాలకు కచ్చితమైన సంఖ్య కాక 10 నుంచి 100, 100 నుంచి 1,000, 1,000 నుంచి 10,000 అన్నట్టు పరిధులే చూపుతుంది. ఒక్కో పరిధిలో కనిష్ఠ, గరిష్ఠ సంఖ్యల మధ్య పదిరెట్ల తేడా ఉన్నప్పుడు, ఒకే పరిధిలో పడిన రెండు పదాలలో ఏది మేలో దీనిని బట్టి తేల్చడం అసాధ్యం. పైగా దగ్గరి రూపాలను ఒకే పద్దులో కలిపేస్తుంది, సగటును పన్నెండు నెలల మీద లెక్కిస్తుంది. జూన్‌లో కాలువలకు నీరు వదిలి, తొలకరి పడ్డాక ఊపందుకునే మొక్కల వ్యాపారానికి ఏడాది సగటు ఏమంత ఉపయోగపడదు. నెలల వారీ గీతలను విడిగా చూసుకోవాలి, లేదా గూగుల్ ట్రెండ్స్‌లో అదే పదాన్ని ఆంధ్రప్రదేశ్‌కు పరిమితం చేసి చూడాలి. ట్రెండ్స్ ఇచ్చేది కూడా 0 నుంచి 100 వరకు సాపేక్ష సూచీయే, ఎందరు వెతికారన్న లెక్క కాదు. సంఖ్య లేని పదాన్ని వెతికేవారే లేరని కొట్టివేయడం కూడా సరికాదు. తనకు రోజూ వచ్చే ప్రశ్నలలో దాదాపు 15 శాతం అంతకుముందు ఎన్నడూ చూడనివేనని గూగుల్ చాలాసార్లు చెప్పింది. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు టైపు చేసే మన దగ్గర అలాంటివి ఇంకా ఎక్కువే ఉంటాయని నా అనుమానం.

వెతికేవారి ఉద్దేశం ప్లానర్‌కు పట్టదు. నర్సరీ అన్న ఒక్క పదం కింద పిల్లల పాటలు, బడిలో ప్రవేశాలు, వరి నారుమడి, పూలమొక్కల దుకాణం అన్నీ వస్తాయి. పెద్ద సంఖ్య చూసి దాని వెంట పడితే వచ్చేవారిలో మొక్కలు కొనేవారు కొందరే. ఈస్ట్ కోస్ట్ టాల్‌ను గంగబొండంతో సంకరపరచి అంబాజీపేట పరిశోధన స్థానం రూపొందించిన గోదావరి గంగ రకాన్నే తీసుకోండి. ఆ రెండు మాటలే రాస్తే పుష్కరాలూ తీర్థయాత్రలూ కూడా కలిసి వస్తాయి. వాటికి కొబ్బరి మొక్క, ధర అన్న మాటలు చేర్చితే వెతికేవారు తగ్గిపోయినా, మిగిలేవారు దాదాపు అందరూ తోట వేయబోయేవారే. కొత్త సైట్ మొదలుపెట్టవలసింది ఇలాంటి పొడవైన, ఇరుకైన పదాల దగ్గరే. వీటిని సూచించడంలో మాత్రం ప్లానర్ బాగానే సాయపడుతుంది.

అయితే పోటీని అంచనా వేసేది ఎలా? నాకు తెలిసినంతలో ఫలితాల మొదటి పేజీని శ్రద్ధగా చదవడాన్ని మించిన ఉచిత పరికరం లేదు. సొంత ఖాతా ప్రభావం పడకుండా ఇన్‌కాగ్నిటో విండోలో ఆ పదాన్ని వెతికి, ఒక్కో పేజీ తెరిచి చూడాలి. ఆ ప్రశ్న కోసమే రాసిన పేజీ ఎన్ని, ఏదో సందర్భంలో ఆ మాట తగిలినందుకు వచ్చినవి ఎన్ని అన్నది ముందు గమనించాలి. శీర్షికలో ఆ పదం ఉన్నంత మాత్రాన ఆ పేజీ బలమైనదని కాదు, లేనంత మాత్రాన బలహీనమైనదీ కాదు. ప్రశ్నోత్తరాల వేదికల చర్చలు పై వరుసల్లో ఉంటే, సరైన సమాధానం ఇంకా ఎవరూ రాయలేదని చాలాసార్లు అర్థం. శీర్షికలో ఆ మాటలున్న పేజీలను మాత్రమే చూపే ఆల్‌ఇన్‌టైటిల్ అనే ఆదేశంతో వచ్చే సంఖ్యను, వెతుకులాటల సంఖ్యతో భాగించి పోటీ చెప్పే సూత్రం ఒకటి ప్రచారంలో ఉంది. నేను దానిని లెక్కలోకి తీసుకోను. ఎదురుగా ఉన్న పది పేజీల నాణ్యత గురించి ఆ భాగహారం ఏమీ చెప్పదు.

దగ్గరలోని నర్సరీ కోసం వెతికినప్పుడు పైన మ్యాపుతో పాటు కనిపించే దుకాణాల విషయం పూర్తిగా వేరు. వాటి క్రమాన్ని ప్రధానంగా ప్రశ్నకు తగినదనం, వెతికేవారి నుంచి దూరం, ఆ సంస్థకున్న పేరు అన్న మూడింటిని బట్టి నిర్ణయిస్తామని గూగుల్ చెబుతుంది. వరుసగా నర్సరీలే ఉన్న కడియంలో, పక్కపక్క గేట్ల మధ్య జరిగే ఈ పోటీలో ప్లానర్ చెప్పగలిగింది ఏమీ లేదు. మ్యాపులో కనిపించే మన దుకాణపు వివరాల పేజీని, అంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌ను, సరిగా నింపుకోవడమే మార్గం.

డబ్బు చెల్లించే పరికరాలు కొంటే ఈ చిక్కు తీరుతుందా అంటే, సగమే తీరుతుంది. అవి మామూలు ఫలితాలకు సంబంధించిన కష్టాన్నే 0 నుంచి 100 వరకు ఒక సంఖ్యగా చూపుతాయి. వాటిలో ఒకటైన అహ్రెఫ్స్ ఆ సంఖ్యను, మొదటి పది పేజీలకు ఎన్ని వేర్వేరు సైట్ల నుంచి లింకులున్నాయన్న దానిని బట్టి కడుతుంది. అలాంటివే అయిన సెమ్‌రష్, మోజ్‌ల లెక్కలు వేరు. అందువల్ల ఒకదానిలో 20 వచ్చిన పదానికి మరొకదానిలో 45 వచ్చినా ఆశ్చర్యం లేదు, ఒక పరికరపు సంఖ్యలను దానిలోనే పోల్చుకోవాలి. అహ్రెఫ్స్ ఈ సంఖ్యను ఒక్కో పదానికి చూసుకునే ఉచిత పేజీని కూడా ఇస్తున్నది, చిన్న నర్సరీ సైట్‌కు అది సరిపోతుంది. నెలనెలా చందా కట్టేంత అవసరం పది, ఇరవై పేజీల సైట్‌కు ఉందని నేను అనుకోను.

అందుకే ప్లానర్‌కు పదాల సేకరణలో ఐదుకు నాలుగు, పోటీ అంచనాలో ఐదుకు ఒకటి ఇస్తాను. ఆ ఒకటి కూడా ప్రకటన ధర గడి కోసమే. పేజీలు ప్రచురించిన తరువాత దాని దగ్గరకు పదేపదే పోనక్కరలేదు. అప్పటి నుంచి ఉచితంగా దొరికే సెర్చ్ కన్సోల్‌ను చూడాలి. మన సైట్ ఏ ప్రశ్నలకు కనిపించిందో, సగటున ఎన్నో స్థానంలో ఉందో, ఎందరు నొక్కారో అది చెబుతుంది. పదో స్థానానికి అటూఇటూగా ఆగి ఉన్న ప్రశ్నలను ముందు తీసుకుని ఆ పేజీలను మెరుగుపరచడం, కొత్త పదాల వేట కంటే త్వరగా ఫలితమిస్తుంది. అది 16 నెలల లెక్కలను నిలిపి ఉంచుతుంది కాబట్టి, వచ్చే తొలకరికి నిరుటి జూన్ సంఖ్యలను పక్కన పెట్టుకుని పోల్చి చూసుకునే వీలుంటుంది.