క్లౌన్‌ఫిష్ జత: వైజాగ్‌లో చాలా ఏళ్లు పెంచాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, చేప గట్టిదే, మనల్ని ఏడిపించేది నీళ్లే. మా ఇంట్లో ఉన్నది ఒసెల్లారిస్ అనే రకం క్లౌన్‌ఫిష్ జత, నారింజ రంగు మీద తెల్ల చారలుండే చిన్న సముద్రపు చేపలు, ఎనభై లీటర్ల ట్యాంక్, హుద్‌హుద్ తుపానుకి ముందునుంచీ ఉన్నాయి. 2014 అక్టోబర్‌లో ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంటే బ్యాటరీ ఎయిర్ పంప్ మీద లాక్కొచ్చా, బతికేశాయి.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, "ఏటండీ, సముద్రం పక్కనెట్టుకుని ఉప్పు కొంటున్నారా?" అని. బీచ్‌లో బకెట్‌తో ముంచుకొచ్చేస్తే అయిపోదండీ, ఒడ్డు నీళ్లలో డ్రైనేజీ కలుస్తుంది, గట్టి వాన పడితే ఉప్పు కూడా పల్చబడిపోద్ది. ఆర్వో నీళ్లలో మెరైన్ సాల్ట్ (అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు) కలిపి నీటి సాంద్రత 1.025 దగ్గర పెడతా, అంతే.

అసలు పరీక్ష మే నెల. వీటికి 25 నుంచి 28 డిగ్రీలైతే హాయి, ట్యాంక్ మీద చిన్న ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరై చల్లబడతాయి అంటారు గానీ మన ఉక్కకి గాలి నిండా తేమే ఉంటే ఇంకేం ఆవిరవుద్ది, కొంచెం తగ్గుద్ది అంతే, చివరికి ఏసీ గదిలోకి మార్చాల్సొచ్చింది, కరెంట్ బిల్లు గురించి అడక్కండి. తగ్గిన నీళ్లకి ఉత్త ఆర్వో నీళ్లే పొయ్యాలి, ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉండిపోద్ది కదా.

ఎనిమోన్ కొనొద్దు, అదే, వీటికి సముద్రంలో ఇల్లుగా ఉండే, కుట్టే చేతుల్లాంటివున్న పువ్వులాంటి జీవి. సముద్రంలో అది లేకపోతే వీటిని పెద్ద చేపలు మింగేస్తాయి, ట్యాంక్‌లో ఆ భయమేముంది? పైగా దానికి బాగా కుదురుకున్న ట్యాంక్, గట్టి లైటు కావాలి, కాళ్లున్నట్టు తిరుగుతూ పోయి పంపులో ఇరుక్కుంటే చచ్చి నీళ్లన్నీ పాడుచేస్తుంది. మావి ఒక మూల కుండపెంకునే ఇల్లు చేసుకున్నాయి.

ఆ పెంకు మీదే గుడ్లు పెడతాయి. కాపలా మగదే, రెక్కలతో విసురుతూ పాడైనవి ఏరేస్తూ ఉంటుంది, వారం పైన రాత్రిపూట పిల్లలవుతాయి. వాటికి రోటిఫర్లు (కంటికి సరిగా కనపడనంత చిన్న నీటి జీవులు) పెంచి పెట్టే ఓపిక నాకు లేదు, తమిళనాడులోని మండపం ఊళ్లో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ) వాళ్లు ఈ పిల్లల పెంపకం ఎప్పుడో సాధించారు. కొంటే హేచరీ పిల్లలే కొనండి, పెల్లెట్లు అలవాటై ఉంటాయి, లక్షద్వీప్, అండమాన్ రీఫుల్లో ఉన్నవాటిని అక్కడే ఉండనివ్వండి.

పెద్దది ఆడది, పెత్తనం దానిదే. అది పోతే మగదే ఆడదైపోద్ది, నిజంగానే. జత కుదిరాక మూడోది మాత్రం వెయ్యకండి, కొట్టి చంపేస్తాయి.