క్యాంపులో వంట ఎవరు చెయ్యాలి: పిల్లల జట్లా (పెట్రోళ్లా), పెద్దలా, వంటమనిషా?

స్కౌట్, గైడ్ దళం (ట్రూప్) క్యాంపుకి టెంట్లు ఎక్కడ వేయాలన్నది అరగంటలో తేలిపోతుంది. వంట ఎవరిదన్న దగ్గరే స్కౌట్ మాస్టర్లు, గైడ్ కెప్టెన్లు రెండు మూడు పక్షాలవుతారు. ‘పిల్లలే వండుకోవాలి, అదే స్కౌటింగ్’ అనేవాళ్లు ఒక పక్క, ‘ముందు వేళకి అన్నం పడాలి’ అనేవాళ్లు ఇంకో పక్క. ఇద్దరిదీ తప్పు కాదు. ఏ పూటకి ఏది పనికొస్తుందో చూడకుండా మూడు రోజులకీ ఒకే పద్ధతి పట్టుకోవడంతోనే చిక్కు వస్తుంది.

లెక్కకి ఒక క్యాంపు అనుకుందాం. ఎనిమిదేసి మంది చొప్పున నాలుగు పెట్రోళ్లు, అంటే పిల్లల జట్లు, నలుగురు పెద్దలు, మొత్తం 36 మంది. శుక్రవారం మధ్యాహ్నానికి చేరి ఆదివారం మధ్యాహ్న భోజనమయ్యాక బయల్దేరతారు. శుక్రవారం మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరతో గడిచిపోతుంది (పెరుగన్నం వద్దు, ఎండలో బస్సు ప్రయాణానికి అది నిలవదు). ఇక వండాల్సినవి ఆరు పూటలు.

తల్లిదండ్రులకి పంపే కాగితంలో ‘పెట్రోల్ వంట’ అని మాత్రం రాయకండి. పెట్రోల్ పోసి వంటేమిటని ఫోన్లు వస్తాయి. ‘జట్టు వంట’ అంటే సరిపోతుంది.

జట్టు పొయ్యి: నేర్చుకునేది ఎక్కువ, నీళ్లు, కళ్లు కూడా ఎక్కువే కావాలి

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సోపాన్ (మెట్టు మెట్టుగా పైకెళ్లే స్థాయి) పరీక్షల్లో పొయ్యి వెలిగించడం, ఆరుబయట వండడం ఉన్నాయి. వంటమనిషి పెట్టిన సాంబారు తిన్నందుకు ఆ పరీక్షల పుస్తకంలో సంతకం పెట్టలేం. కాబట్టి క్యాంపులో ఒక్క పూటైనా జట్టు వంట ఉండి తీరాలి.

దీనికి కావాల్సిన వాటిలో అందరూ తక్కువ లెక్కేసేది నీళ్లు. ఎనిమిది మందికి ఒక పూట వండి, గిన్నెలు తోముకోవడానికి 25 నుంచి 30 లీటర్లు పడతాయి. నాలుగు పొయ్యిలకి వంద దాటుతుంది. అదే 36 మందికి ఒకచోట వండితే 60, 70 లీటర్లతో అయిపోతుంది. బోరు పక్కనే ఉన్న మామిడి తోటలో ఇది సమస్య కాదు. నీళ్లు ట్యాంకరుతో తెప్పించుకునే చోటైతే జట్టు వంట ఆలోచన అక్కడే ఆపేయాలి.

రెండోది పెద్దల కళ్లు. రెండు పొయ్యిలకి ఒకరు చొప్పున ఇద్దరు, ప్రథమ చికిత్స పెట్టె దగ్గర ఒకరు, మొత్తం ముగ్గురు కదలకుండా ఉండాలి. నాలుగో ఆయన సరుకులు కొనడానికి ఊళ్లోకి వెళ్లినా ఇబ్బంది లేదు. పెద్దలు ఇద్దరే ఉంటే నాలుగు పొయ్యిలు వెలిగించొద్దు. రెండు పెట్రోళ్లు ఈ రోజు, రెండు రేపు వండుకోవాలి.

సరుకు మొత్తం పెట్రోల్ లీడర్ చేతికిచ్చి ‘చూసుకో’ అంటే మొదటి పూటకే నూనె అయిపోతుంది. పూట వారీగా కొలిచి పొట్లాలు కట్టి, మీద జట్టు పేరు రాసి ఇవ్వాలి. అన్నం, టమాటా పప్పు అనుకుంటే ఎనిమిది మంది కొలత ఇది: బియ్యం 1.2 కిలోలు, పప్పు 400 గ్రాములు, టమాటాలు అరకిలో, పచ్చిమిర్చి ఆరు, నూనె చిన్న టీ గ్లాసుడు, పోపు సామాను విడిగా చిన్న పొట్లం. ఉప్పు పప్పులోకి ముందు మూడు చెంచాలు, దించాక రుచి చూసి నాలుగోది. ఈ ‘రుచి చూసి’ అన్నది గట్టిగా చెప్పకపోతే ఇద్దరు ముగ్గురు ఎవరికి వారు వచ్చి ఉప్పేస్తారు. ఉప్పు డబ్బా ఒక్కరి చేతిలోనే ఉండాలి.

అన్నం వార్పు పద్ధతి వద్దు. మరిగే గంజిని వంచడం పెద్దవాళ్లకే జాగ్రత్త పని, పన్నెండేళ్ల పిల్లలకి అసలు ఇవ్వకూడదు. అత్తెసరు పెట్టించండి: స్టీలు గ్లాసుతో ఆరు గ్లాసుల బియ్యానికి పన్నెండు గ్లాసుల నీళ్లు, అరగంట నానిన బియ్యమైతే ఒక గ్లాసు తక్కువ. పొంగు వచ్చాక కట్టెలు వెనక్కి లాగి, నిప్పుల మీదే మగ్గనివ్వాలి. పిల్లల అన్నం అడుగంటేది ఇక్కడే. పొంగు వచ్చాక కూడా మంట తగ్గించరు, పైగా ఇంకో కట్టె పెడతారు. ఫలితం అడుగు బొగ్గు, పైన పలుకు.

పప్పు విషయంలో ఒక సలహా: కందిపప్పు మానేసి పెసరపప్పు పెట్టండి. ప్రెషర్ కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకాలంటే గంట పైనే. బోరు నీళ్లు ఉప్పునీళ్లయితే రెండు గంటలైనా గింజ గింజలానే ఉంటుంది, ఆ నీళ్లలోని సున్నం పప్పుని మెత్తబడనివ్వదు. చిటికెడు వంటసోడాతో కొంత దారికొస్తుంది గానీ, చిటికెడు అంటే పిల్లల చేతిలో చెంచా అవుతుంది. పెసరపప్పు అరగంటలోపే ఉడుకుతుంది. టమాటాలు మాత్రం పప్పు మెత్తబడ్డాకే వేయాలి, పులుపు ముందే పడితే పప్పు మొండికేస్తుంది.

కట్టెలు పూటకి జట్టుకి ఆరు కిలోలు. సరుగుడు తొందరగా అంటుకుంటుంది, తుమ్మ నిప్పు బాగా నిలుస్తుంది. రెండూ కలిపి అడితిలోనే కొనండి. పిల్లల్ని ‘ఏరుకురండి’ అని వదిలితే పచ్చి కొమ్మలు తెస్తారు, పొగతో కళ్లు మండటం తప్ప అన్నం ఉడకదు. అన్నిటికంటే ముఖ్యం, గన్నేరు కొమ్మ పొయ్యిలోకి గానీ, కలిపే పుల్లగా గానీ రాకూడదు, అది విషం. తోట గట్ల మీద అదే చేతికందేలా ఉంటుంది కాబట్టి మొదటి రోజే ఆకు చూపించి చెప్పాలి.

మూడు రాళ్ల పొయ్యి కంటే చిన్న గాడిపొయ్యి నయం. మూడడుగుల పొడవు, అడుగు లోతు, గాలి వచ్చే వైపు నోరు వెడల్పు, రెండో కొస సన్నగా. గిన్నె ఒరగదు, కట్టె తక్కువ పడుతుంది. గిన్నె బయటి వైపు పొయ్యి మీద పెట్టకముందే బట్టల సబ్బు తడిపి పట్టించి ఆరనిస్తే మసి ఒక్క తుడుపుకి పోతుంది. ఈ పని మరిచిపోయిన జట్టు సాయంత్రం ఆటకి రాదు, గిన్నెల దగ్గరే ఉంటుంది.

పొయ్యి పొయ్యికీ పది అడుగులు, టెంట్లకి కనీసం పదిహేను అడుగులు దూరం ఉండాలి. పొయ్యి చుట్టూ ఆరడుగుల మేర ఎండుగడ్డి తీసేసి, ప్రతి పొయ్యి దగ్గర ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక పెట్టాలి. పొయ్యి దగ్గర ఉన్నంతసేపూ స్కార్ఫ్ తీసేయాలి. యూనిఫాం అంటే ప్రాణమిచ్చే మాస్టర్లకి ఇది నచ్చదు గానీ, వంగినప్పుడు వేలాడే స్కార్ఫ్ కొసే ముందు మంటని అందుకుంటుంది. నైలాన్ జర్కిన్లు కూడా వద్దు, అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. కాలితే ఇరవై నిమిషాలు ధారగా చల్లటి నీళ్లు పోయాలి. పేస్టు, పసుపు, సిరా ఏదీ రాయకూడదు. రిజర్వు ఫారెస్టు లోపల అనుమతి లేకుండా నిప్పు పెట్టడం నేరం. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అడవి అంచుల్లో కూడా కట్టెల పొయ్యి మాట ఎత్తొద్దు.

ఏ పూట? చాలామంది రాత్రి పెడతారు, క్యాంప్ ఫైర్ ముందు జట్టు వంట అంటే ముచ్చటగా ఉంటుందని. అదే పెద్ద పొరపాటు. డిసెంబరులో మన దగ్గర ఆరు కాకముందే చీకటి పడుతుంది. కొత్త పిల్లలకి అన్నం, పప్పు వండడానికి రెండున్నర గంటలు. చీకట్లో టార్చి పట్టుకుని ఒకడు, గరిటె పట్టుకుని ఒకడు, మధ్యలో వేడి గిన్నె. శనివారం మధ్యాహ్నమే పెట్టండి. పదిన్నరకి పొయ్యి వెలిగిస్తే ఒంటిగంటకి తింటారు, ఆ పొద్దుకి అదే కార్యక్రమం. ఒక జట్టు వంట పాడైనా పక్క జట్లు సర్దుతాయి, ఊళ్లో కొట్టూ తెరిచే ఉంటుంది.

ఉమ్మడి గుండిగ: వేళకి తిండి, బరువు మాత్రం పెద్దల మీద

పెద్దలే వండి, పెట్రోళ్లు వంతుల వారీగా కూరగాయలు తరగడం, వడ్డించడం, గిన్నెలు తోమడం చేస్తే పూటకి గంటన్నరలో పని తెములుతుంది. 36 మందికి అన్నానికి 5 నుంచి 5.4 కిలోల బియ్యం. దాన్ని ఒకే గుండిగలో పెట్టాలని చూడకండి. నీళ్లతో కలిపి పదిహేను కిలోలు దాటుతుంది, గుండిగ బరువు వేరే. దించేటప్పుడు నడుం పట్టడమో, చేయి కాలడమో జరుగుతుంది. అడుగు ముద్దయి పైన పలుకుగా మిగులుతుంది కూడా. రెండు డేగిసాలు పెట్టుకోండి. ఉదయం ఉప్మాకి మనిషికి 75 గ్రాముల రవ్వ, అంటే 2.7 కిలోలు. ముందే వేయించి తెచ్చుకుంటే ఉండ కట్టదు.

ఇక్కడ కట్టెల కంటే గ్యాసే మేలు. అయితే పెద్ద భట్టీ గంటకి అరకిలో నుంచి కిలో దాకా గ్యాస్ తాగుతుంది. పెట్రోల్ బంకుల్లో గుర్తింపు కార్డు చూపించి కొనుక్కునే 5 కిలోల సిలిండర్ ఇంటి స్టవ్‌కి చాలా రోజులొస్తుంది గానీ, ఇన్ని పూటల భట్టీకి శనివారం రాత్రికే ఖాళీ. 19 కిలోలది తీసుకోవాలి, లేదా చిన్నవి రెండు మూడు. రెగ్యులేటర్లు అన్ని సిలిండర్లకీ ఒకటి కావు, తీసుకున్న చోటే బిగించి చూడాలి. పైపు కీళ్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు రాకపోతేనే వెలిగించాలి. గ్యాస్ గాలి కంటే బరువు, పల్లంలో పేరుకుంటుంది. అందుకే గ్యాస్ స్టవ్‌ని గాడిలో పెట్టకూడదు, వాన పడుతోందని టెంట్ లోపలికీ తేకూడదు. రైల్లో వెళ్లే క్యాంపైతే ఈ మాటే లేదు. గ్యాస్ సిలిండర్, కిరోసిన్ రైల్లో తీసుకెళ్లడం నేరం, చేరిన చోటే సమకూర్చుకోవాలి.

ఉమ్మడి వంటకి ఇంకో సుగుణం, తిండి పట్టింపులు సులువుగా సర్దుకుంటాయి. పప్పు, కూర, చారు అందరికీ ఒకటే. గుడ్లు విడిగా ఉడికించి, విడి గరిటెతో తినేవాళ్లకి వడ్డిస్తే చాలు. కోడికూర తప్పదంటే చేరిన రోజు సాయంత్రమే వండాలి. ఫ్రిజ్ లేని చోట రెండో రోజుకి దాచే మాట వద్దు. మిగిలిన అన్నం మర్నాడు తాలింపు వేసి పెట్టడం ఇంట్లో అలవాటే గానీ, ఐదు కిలోల అన్నం గుండిగలో రాత్రంతా గోరువెచ్చగా ఉంటుంది, మళ్లీ వేడి చేసినా పోని విషం అందులో పుట్టొచ్చు. రెండు గంటలు దాటి బయట ఉన్న అన్నం పారబోయడమే.

దీని లోపం ఒకటే. నలుగురు పెద్దల్లో ఇద్దరు రోజంతా వంట దగ్గరే ఉంటారు. మిగిలిన ఇద్దరే ముడులు, ఆటలు, రాత్రి కాపలా చూసుకోవాలి. శనివారం సాయంత్రానికి అందరికీ ఓపిక చచ్చిపోతుంది, పిల్లల మీద అరుపులు మొదలయ్యేది అప్పుడే.

వంటమనిషి: డబ్బుతో కొనేది తీరికని

వందమందికి పైన క్యాంపైతే ఇంకో ఆలోచన లేదు, వంటమనిషే. 36 మందికైతే పెద్దలు ముగ్గురికి మించి రాలేని పరిస్థితిలో పెట్టుకోవచ్చు. మాట్లాడుకునేటప్పుడు నాలుగు సంగతులు ముందే తేల్చాలి: కూలి పూటకా, రోజుకా, సహాయకుడు ఆయన మనిషా, మనం ఇవ్వాలా, సామాను టెంట్ హౌస్ నుంచి ఎవరు తేవాలి, ఉదయం టిఫిన్ ఎన్ని గంటలకి. ఈ చివరిది తేల్చకపోతే ఏడున్నర టిఫిన్ తొమ్మిదికి వస్తుంది, జెండా వందనం దగ్గర పిల్లలు కళ్లు తిరిగి పడతారు. కారం పెళ్లి వంటలో సగమే వేయమని చెప్పాలి, వేసేటప్పుడు పక్కన నిలబడాలి కూడా. టెంట్ హౌస్ ఇత్తడి గుండిగలు వస్తే లోపల కళాయి ఉందో లేదో చూడండి. కళాయి పోయిన ఇత్తడిలో చారు, పులుసు కాస్తే కిలుం దిగి వాంతులవుతాయి.

వంటవాళ్ల పడక పిల్లల టెంట్లకి దూరంగా, పెద్దల టెంటుకి అవతల ఉండాలి. పిల్లల్ని ఒంటరిగా వంట దగ్గరికి పంపకూడదు, ఏ పని మీదైనా ఇద్దరిద్దరుగానే.

పూటల వారీగా చెబితే

శుక్రవారం రాత్రి ఎట్టి పరిస్థితుల్లోనూ జట్టు వంట వద్దు. టెంట్లు వేసి అలిసిపోయి ఉంటారు, సరుకు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. వెలుగుండగానే ఉమ్మడిగా కిచిడీ దించేయండి. శనివారం ఉదయం ఉమ్మడి ఉప్మా, మధ్యాహ్నం జట్టు వంట, రాత్రి మళ్లీ ఉమ్మడి. ఆదివారం ఉదయం, పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే, అదే ఉప్మాని పెట్రోళ్లకి వదలొచ్చు. నిన్నటి పొయ్యి ఉంది, నిన్నటి తప్పులు గుర్తున్నాయి, అరగంట పని. మధ్యాహ్నానికి నిమ్మకాయ పులిహోర లాంటిది, టెంట్లు విప్పే వేళ తోమాల్సిన గిన్నెలు ఎంత తక్కువుంటే అంత మంచిది.

వంటమనిషి ఉన్న క్యాంపులో కూడా శనివారం మధ్యాహ్నం ఆయనకి సెలవివ్వండి, ఆ పూట కూలి తెగ్గోయకుండా. మనసు మంచిదైతే పొయ్యిల మధ్య తిరిగి మంట సర్దిపెడతాడు. ఏ మాస్టరూ చెప్పలేనంత బాగా నిప్పుల మీద అన్నం మగ్గించడం చూపిస్తాడు.

కబ్‌లు, బుల్‌బుల్‌లకైతే (ఇంకా స్కౌట్, గైడ్ వయసు రాని చిన్న పిల్లలకైతే) ఈ బేరీజంతా అక్కర్లేదు. వాళ్లకి నిప్పు లేని వంట పెట్టండి: తడిపిన అటుకుల్లో బెల్లం, కొబ్బరి, లేదా మరమరాల్లో తరిగిన ఉల్లి, టమాటా, నిమ్మరసం. కత్తి పెద్దవాళ్ల చేతిలో, గిన్నె వాళ్ల చేతిలో.