మేడమీద బాత్రూంలో చిన్న టైల్సు, ఎపాక్సీ గ్రౌటు: కొన్నేళ్లు వాడాక

పాత ఇంట్లో మేడమీద బాత్రూంకి టైల్సు మార్చాలంటే షాపుకి వెళ్లకముందే కింద గదిలోకి వెళ్లి సీలింగు చూడండి. మాకు అక్కడ చెమ్మ దిగి పెచ్చులూడుతున్నాయి. అందుకే పాత టైల్సు మీదే కొత్తవి అంటించేద్దామన్న సలహా అక్కడితో ఆగిపోయింది. అలా చేస్తే పని త్వరగా తెమిలిపోతుంది కానీ, లీకు లీకులాగే ఉంటుంది. పైగా నేల లేచి గడప పొట్టిదవుతుంది. బరువు సంగతీ ఉంది. 50 మిల్లీమీటర్ల మందం సిమెంటు పొర చదరపు మీటరుకి దాదాపు 100 కిలోలు తూగుతుంది. పాత స్లాబు మీద పొర మీద పొర మోపడం నాకు నచ్చలేదు.

పాత గచ్చు మొత్తం స్లాబు దాకా కొట్టించి, గోడల మీదికి కూడా ఎక్కేలా వాటర్ ప్రూఫింగ్ చేయించాం. నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాపు మూసేసి, లీకు ఆగిందో లేదో చూడ్డానికి 24 గంటలు నీళ్లు నిలబెట్టాం. "ఎందుకండీ, గ్యారంటీ నాది" అన్నాడు మేస్త్రీ. గ్యారంటీ ఆయనదే, సీలింగు మాత్రం మాది కదా!

టైల్స్‌లో చూడాల్సింది నీళ్లు పీల్చే గుణం. పోర్సిలిన్ 0.5 శాతానికి మించి పీల్చదు. గోడ టైల్సు 10 శాతం పైనే పీల్చేవి ఉంటాయి, నేలకి పనికిరావు. తడి పాదం జారకుండా ఎ, బి, సి అని రేటింగు ఉంటుంది. స్నానం చేసే చోట బి గానీ సి గానీ ఉండాలి.

స్నానం చేసే వైపు 50 మిల్లీమీటర్ల చిన్న మ్యాట్ (మెరుపు లేని) టైల్సు వేయించాం. వాటం, అంటే నీళ్లు జారే వాలు, మీటరుకి రెండు సెంటీమీటర్లు, నాలుగు వైపుల నుంచీ ట్రాపుకే. పెద్ద టైలు వంగదు కాబట్టి ఐమూలగా కోయాల్సి వస్తుంది. చిన్నవి వాటాన్ని బట్టి సర్దుకుంటాయి, సందులెక్కువ కాబట్టి కాలికి పట్టూ దొరుకుతుంది.

సందులెక్కువైతే మురికీ ఎక్కువే కదా అని అడుగుతారు. ఆ తేడా సందులు నింపే గ్రౌటులోనే ఉంది. కింద బాత్రూంలో సిమెంటు గ్రౌటు. యాసిడ్ పోసి కడిగీ కడిగీ కుళాయి కింద సందులు గుంటలు పడ్డాయి, గోరు దిగుతుంది. పైన సిమెంటు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌటు. అదే నీళ్లు, అదే సబ్బు, ఇప్పటికీ గట్టిగా నిండుగా ఉంది. కాకపోతే పూసిన వెంటనే తుడవాలి. ఆరితే టైలు మీద మసకలా పట్టేసి ఓ పట్టాన వదలదు, కాబట్టి పని జరిగేటప్పుడు దగ్గరుండండి.

నేల మీద పరిచే వినైల్ (ప్లాస్టిక్) షీటు గురించీ వాకబు చేశాం. నేలంతా తడిసే బాత్రూంకి వద్దు.

నాకున్న ఫిర్యాదు మ్యాట్ మీదే. సబ్బు జిడ్డు పట్టుకుంటుంది, తుడిస్తే పోదు, బ్రష్షు పట్టాల్సిందే. నేలా గోడా కలిసే మూలల్లో గ్రౌటు కాక రబ్బరులా సాగే సిలికాన్ వేయించాం, పాత ఇల్లు కాస్త కదిలినా పగలకుండా. అది కొన్నాళ్లకి నల్లబడుతుంది. కోసి తీసి మళ్లీ వేయించుకోవాలి. అదనంగా ఒక పెట్టె టైల్సు కొని ఉంచండి, తర్వాత అదే షేడు దొరకదు.