ఫిడే రేటింగా, ఫోన్ రేటింగా: ఏది మేలు?

హనుమకొండలో చెస్ క్లాసు వదిలే వేళకు బయట నిలబడ్డ తల్లిదండ్రుల్లో ఒకరైనా ఈ మాట అంటారు: "ఫోన్‌లో మావాడికి 1750 ఉందండీ, ఫిడేలో 1480 ఇచ్చారు. లెక్క ఎక్కడో తప్పింది."

లెక్క తప్పలేదు. ఆట బలం చెప్పే ఆ రెండు అంకెలూ, అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చేదీ ఫోన్ యాప్ ఇచ్చేదీ, వేర్వేరు జనం మధ్య పుట్టినవి, పక్కపక్కన పెట్టి చూడటమే తప్పు. లీచెస్ అనే చెస్ యాప్‌లో ఖాతా తెరవగానే 1500తో మొదలు. ఫిడేలో రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు గేములు ఆడితేగానీ పేరు జాబితాకెక్కదు.

ఫిడే వాడేది ఎలో పద్ధతి. అమెరికాలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా ఉన్న ఆర్పాడ్ ఎలో కట్టిన లెక్క ఇది, ఫిడే 1970లో తీసుకుంది. గెలుపుకు 1, డ్రాకు అర చొప్పున ఆటకు ముందే ఎవరికెంత రావాలో చెప్పి, వచ్చినదానికీ దానికీ ఉన్న తేడాను కె అనే అంకెతో హెచ్చిస్తారు. 1500 ఉన్న పాప 1700 ఉన్న పెద్దాయనతో ఆడితే ఆమెకు రావాల్సింది 0.24. గెలిస్తే మిగతా 0.76 లాభం. పద్దెనిమిదేళ్ల లోపు, 2300 దాటని పిల్లలకు కె 40 కాబట్టి 30.4 పాయింట్లు పెరుగుతాయి. డ్రా చేసుకున్నా 10.4 వస్తాయి. పెద్దాయనకు కె 20, ఓడితే పోయేది 15.2. టోర్నమెంట్లో తొమ్మిదేళ్ల పిల్ల ఎదురుపడితే పెద్దలు ముఖం మాడ్చుకునేది ఇందుకే. ఆమె ఆట ముందుకెళ్లిపోయి ఉంటుంది, నెలకోసారి వచ్చే జాబితాలో అంకె ఇంకా వెనకే ఉంటుంది.

పాత అంకెలతో పోల్చుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. 2024 మార్చిలో 2000 లోపు వాళ్లందరికీ ఫిడే ఒకసారి రేటింగ్ పెంచింది: 2000కు ఎంత తక్కువుంటే అందులో 40 శాతం. 1500 ఉన్నవాళ్లు రాత్రికి రాత్రి 1700 అయ్యారు. కనీస రేటింగ్ కూడా 1000 నుంచి 1400కు జరిగింది.

ఫోన్‌లో నడిచేది మార్క్ గ్లిక్‌మన్ లెక్క, గ్లికో. చెస్.కామ్ యాప్‌లో అదే, లీచెస్‌లో దాని రెండో రూపం గ్లికో-2. ఇందులో రేటింగ్ పక్కనే, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే మరో అంకె ఉంటుంది. కొత్త ఖాతా అయినా, టెన్త్ పరీక్షలని ఏడాది మానేసి వచ్చినా ఒక్కో గేముకు పెద్ద గంతులు పడతాయి. రోజూ ఆడేవాళ్లకు కదలిక కొద్దిగానే. ఫిడే రేటింగ్ మాత్రం ఏళ్ల తరబడి ఆడకపోయినా చెక్కు చెదరదు, పేరు పక్కన ఇనాక్టివ్ అని పడుతుందంతే. లెక్కగా చూస్తే నాకు గ్లికోనే నచ్చుతుంది.

అయినా పోటీల్లోకి దిగే పిల్లలకు ఫిడేనే మేలంటాను. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే నార్మ్‌లతో (పెద్ద టోర్నమెంట్లలో నిర్ణీత స్థాయి ఆటతీరుతో) పాటు 2500 ఫిడే రేటింగ్ ఉండాలి, ఫోన్ అంకెను అక్కడ ఎవరూ అడగరు. వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ జాబితాలో చేరిన 2801 కూడా గంటల తరబడి కూర్చుని ఆడిన గేములదే. ఖర్చు మాట నిజమే. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోవాలి, ఎంట్రీ ఫీజు, గది అద్దె, పిల్ల పక్కన ఒక పెద్ద మనిషి. అందుకే ఫోన్‌లో నెలల తరబడి ఒకేచోట నిలకడగా ఉన్నాకే మొదటి రేటింగ్ టోర్నమెంట్‌కు డబ్బు కట్టమంటాను.

డ్యూటీ దిగొచ్చి రాత్రిపూట పది నిమిషాల గేములు ఆడుకునేవారికి ఫోన్ రేటింగ్ చాలు. బ్లిట్జ్ (కొద్ది నిమిషాల గేముల) అంకెను, రాపిడ్ (అంతకన్నా కాస్త పొడవైన గేముల) అంకెను కలిపి చూసుకోకుంటే సరి.