వూలిచ్‌లో ‘సర్వత్ర’

నాన్న భారత సైన్యపు ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, ఇరవై రెండేళ్లు పనిచేశారు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పూర్తయ్యాక ఇచ్చిన టోపీ బ్యాడ్జిని ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉంచుకున్నారు. మధ్యలో ఫిరంగి, ‘సర్వత్ర’ అని ఒక మాట, కింద ‘ఇజ్జత్ ఓ ఇక్బాల్’, అంటే గౌరవమూ కీర్తీ. ఆ మాటలకు మూలమైన బ్రిటిష్ ఫిరంగి దళం రాయల్ ఆర్టిలరీ చోట్లు చూపించాలని, మా దగ్గరికి లండన్ వచ్చినప్పుడు రెండు రోజులు ఇందుకే కేటాయించాను. బ్యాడ్జి జేబులో వేసుకుని మరీ వచ్చారు.

బస ఆగ్నేయ లండన్‌లోని వూలిచ్‌లోనే తీసుకున్నాం. నగరం నడిబొడ్డు కంటే అద్దె బాగా తక్కువ, ఎలిజబెత్ లైన్ రైలు పావుగంటలో లివర్‌పూల్ స్ట్రీట్ చేరుస్తుంది. స్టేషన్లో లిఫ్టు ఉంది. మా బసలో మాత్రం లేదు. మోకాళ్ల నొప్పి గురించి ముందే రాసినా మూడో అంతస్తు గది ఇచ్చారు, అడిగితే మార్చలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు కింది గది ఖాయమని రాతపూర్వకంగా తీసుకోండి.

రాయల్ ఆర్టిలరీ పుట్టిల్లు వూలిచ్. అంతకుముందు యుద్ధం వచ్చినప్పుడల్లా ఫిరంగి దళాన్ని కూర్చి, అది ముగియగానే విడదీసేవారు. 1716 మే 26న రెండు కంపెనీలతో శాశ్వత దళం ఏర్పడింది. వాళ్ల బ్యారక్స్ ముఖభాగం వెయ్యి అడుగులకు పైగా సాగుతుంది. లోపలికి సందర్శకులను అనుమతించరు. మైదానం ఇవతల నిలబడి చూడటమే. దళం ప్రధాన కేంద్రం 2007లో విల్ట్‌షైర్‌లోని లార్క్‌హిల్‌కు తరలిపోయింది, ఇక్కడి ఫిరంగుల మ్యూజియం 2016లో మూతపడింది. మ్యూజియం కోసమే అయితే వూలిచ్ రానక్కర లేదు.

రావలసింది గారిసన్ చర్చి, అంటే ఇక్కడి సైనికుల చర్చి, కోసం. 1944లో బాంబు పడి పైకప్పు పోయింది. మిగిలిన గోడలను అలాగే నిలిపి, పైన తేలికైన కప్పు వేశారు. బలిపీఠం వెనుక సెయింట్ జార్జి మొజాయిక్ ఎండకు మెరుస్తుంది. ఇరువైపులా బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ పొందిన గన్నర్ల (ఫిరంగి సైనికుల) పేర్లు. నాన్న ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివారు. తెరిచే వేళలు తక్కువ. మేము ఆదివారం వెళ్లాం.

ఆ సాయంత్రం టీ బల్ల మీద నాన్న బ్యాడ్జి పక్కన రాయల్ ఆర్టిలరీ చిహ్నం ఫొటో పెట్టాను. అదే ఫిరంగి, అదే అమరిక. వాళ్లదానిలో కిరీటం, నాన్నదానిలో నక్షత్రం. ‘సర్వత్ర’ ఉన్నచోట వాళ్లకు ‘యుబీక్’. ‘యుబీక్’ అంటే లాటిన్‌లో ‘అంతటా’. కింది వాక్యానికి ‘ధర్మమూ కీర్తీ ఎటు నడిపిస్తే అటు’ అని అర్థం. పదాతి దళాలు తాము పేరు తెచ్చుకున్న యుద్ధాల పేర్లు పతాకాల మీద రాసుకుంటాయి. ఫిరంగులు లేని యుద్ధమే లేదు కాబట్టి, విలియం 4 రాజు 1832లో ఆ జాబితాకు బదులు ‘యుబీక్’ అనే ఈ ఒక్క మాట ఇచ్చారు. గన్నర్లకు వేరే పతాకం లేదు, ఫిరంగే పతాకం. “గన్నుకు వీపు ఆనిస్తే మా ఉస్తాద్ మైదానం చుట్టూ పరుగెత్తించేవారు, ఇందుకేనన్నమాట” అన్నారు నాన్న.

భారత ఆర్టిలరీ తన వయసును 1827 సెప్టెంబర్ 28న ఏర్పడిన బొంబాయి పర్వత బ్యాటరీ నుంచి లెక్కిస్తుంది. ఏటా ఆ రోజు నాన్న పాత మిత్రులందరికీ ఫోను చేస్తారు.

రెండో రోజు హైడ్ పార్క్ కార్నర్‌లోని రాయల్ ఆర్టిలరీ స్మారకం. ఒక్క పూట మాత్రమే ఉన్నవారు మిగతావి వదిలేసి ఇక్కడికే రండి. రుసుము లేదు, ఎప్పుడైనా చూడవచ్చు. వాహనాల రొద తగ్గే ఉదయం మేలు. చార్లెస్ సార్జెంట్ జాగర్ మలిచిన ఈ స్మారకాన్ని 1925లో ఆవిష్కరించారు. తెల్లని రాతిలో అసలు కంటే పెద్దదైన హోవిట్జర్ ఫిరంగి, చుట్టూ నాలుగు కంచు విగ్రహాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 49,076 మంది గన్నర్ల లెక్క రాతి మీద ఉంది. ఉత్తరం వైపు విగ్రహం శవం: ముఖం మీదికి కోటు కప్పి ఉంది, కాళ్లకు బూట్లు అలాగే ఉన్నాయి.

నాన్న అక్కడ టోపీ తీశారు. చాలాసేపు ఆ బూట్లనే చూస్తూ, “మేకులు కూడా చెక్కాడు” అన్నారు.