టామ్‌క్యాట్ ముందు ఇంజిన్‌ఎక్స్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

502 బ్యాడ్ గేట్‌వే అని తెల్ల పేజీ కనబడగానే అందరూ "ఇంజిన్‌ఎక్స్ పడిపోయింది" అంటారు. నిజానికి బ్రౌజర్ నుంచి వచ్చే రిక్వెస్టుల్ని అందుకునేది ముందున్న ఇంజిన్‌ఎక్స్, వాటికి జవాబు తయారుచేసేది వెనక ఉన్న టామ్‌క్యాట్ అనే జావా సర్వర్. ఆ పేజీ వచ్చిందంటే ఇంజిన్‌ఎక్స్ నడుస్తూనే ఉంది, టామ్‌క్యాట్ నుంచి దానికి సరైన జవాబు అందలేదని అర్థం. ఒక కాలేజీ ఫీజుల అప్లికేషన్‌ని చాలా ఏళ్లుగా ఈ జోడీ మీదే నడుపుతున్నాను. ఇంజిన్‌ఎక్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని వేగం కాదు, దాని ఎర్రర్ లాగ్, అంటే తప్పులు రాసిపెట్టే ఫైల్.

ఆ లాగ్‌లో బ్రాకెట్లో ఉండే అంకె చూస్తే సగం పని అయిపోతుంది. 111 ఉంటే కనెక్షన్ రెఫ్యూజ్డ్: టామ్‌క్యాట్ ఇంకా లేవలేదు, లేదా తను వినాల్సిన 8080 పోర్టులో లేదు. 13 ఉంటే పర్మిషన్ డినైడ్: రెడ్ హ్యాట్ తరహా లినక్స్‌లో చాలాసార్లు ఎస్ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ అడ్డుపడుతుంది, అందులో నెట్‌వర్క్ కనెక్షన్‌కి అనుమతించే స్విచ్ ఆన్ చేస్తే చాలు. 110 ఉంటే టైమౌట్, బయట 504 (గేట్‌వే టైమౌట్) కనిపిస్తుంది. ప్రాక్సీ రీడ్ టైమౌట్, అంటే టామ్‌క్యాట్ జవాబు కోసం ఇంజిన్‌ఎక్స్ ఆగే గడువు, మామూలుగా 60 సెకన్లు. దాన్ని 300 చేసి ఊరుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు డేటాబేస్‌లో ఏ క్వెరీ నిలబడిపోయిందో చూడండి. లేకపోతే టామ్‌క్యాట్‌లో రిక్వెస్టుల పని చేసే థ్రెడ్లన్నీ దాని దగ్గరే ఇరుక్కుని సైట్ మొత్తం ఆగిపోతుంది.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మాత్రం 104, అంటే కనెక్షన్ రీసెట్. పరీక్ష ఫీజు గడువు దగ్గరపడిన రోజుల్లో అక్కడొకరికి, ఇక్కడొకరికి 502 వచ్చేది. మళ్లీ నొక్కితే పనిచేసేది. సీపీయూ ఖాళీగానే ఉంది, మెమరీ బాగానే ఉంది, టామ్‌క్యాట్ లాగ్‌లో ఒక్క ముక్క లేదు. డబ్బు కట్టే పేజీ కాబట్టి పిల్లలకీ తల్లిదండ్రులకీ ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. లాగ్‌లో ఆ లైన్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడింది: అన్నీ పోస్ట్ (ఫారం నింపి పంపే) రిక్వెస్టులే, గెట్ (పేజీ తెచ్చుకునేది) ఒక్కటీ లేదు.

కారణం కీప్‌ఎలైవ్, అంటే ఒక రిక్వెస్ట్ అయ్యాక కనెక్షన్ మూసేయకుండా తెరిచి ఉంచడం. అది ఆన్‌లో ఉంటే, వాడిన కనెక్షన్‌ని ఇంజిన్‌ఎక్స్ మళ్లీ వాడుకోవడానికి 60 సెకన్లు దాచిపెడుతుంది. టామ్‌క్యాట్‌తో వచ్చే సర్వర్ ఫైల్లో ఆ గడువు 20 సెకన్లే. సరిగ్గా టామ్‌క్యాట్ కనెక్షన్ మూసేసే క్షణంలోనే ఇంజిన్‌ఎక్స్ దాని మీద కొత్త రిక్వెస్ట్ పంపితే అది గాల్లో కలిసిపోతుంది. గెట్ అయితే ఇంజిన్‌ఎక్స్ తనే ఇంకోసారి పంపుతుంది, మనకి తెలియను కూడా తెలియదు. పోస్ట్‌ని అలా రెండోసారి పంపదు. డబ్బు రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ఆ జాగ్రత్త సరైనదే. ఇంజిన్‌ఎక్స్ సెట్టింగుల్లో వెనక సర్వర్లని రాసే అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో కీప్‌ఎలైవ్ టైమౌట్‌ని 15 సెకన్లకి తగ్గించాక ఆ 502లు ఆగిపోయాయి. టామ్‌క్యాట్ బదులు నోడ్ (జావాస్క్రిప్ట్ సర్వర్) వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, అక్కడ ఈ గడువు మామూలుగా 5 సెకన్లే.

లోపాలు లేవని అనను. వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నీ రాసే మామూలు యాక్సెస్ లాగ్‌లో వెనక సర్వర్ ఎంతసేపు తీసుకుందో ఉండదు. మొత్తం సమయం, అప్‌స్ట్రీమ్ (వెనక సర్వర్) సమయం రెండూ లాగ్ ఫార్మాట్‌లో మొదటి రోజే చేర్చుకోండి. మొదటిది ఎక్కువగా ఉండి రెండోది తక్కువగా ఉంటే ఆలస్యం సాధారణంగా యూజర్ నెట్‌వర్క్‌దే, అప్లికేషన్ వాళ్లని నిద్ర లేపక్కర్లేదు. రిక్వెస్ట్ ఎక్కడికి పంపాలో చెప్పే ప్రాక్సీ పాస్ లైన్ చివర ఒక్క స్లాష్ ఉండటం, లేకపోవడం మీద పాత్ మొత్తం మారిపోవడం కూడా కొత్తవాళ్లకి నరకమే. లాగిన్ కాగానే హెచ్‌టీటీపీఎస్ నుంచి హెచ్‌టీటీపీకి పడిపోతుంటే, యూజర్ వచ్చింది హెచ్‌టీటీపీఎస్‌లోనని చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌ని ఇంజిన్‌ఎక్స్ నుంచి పంపి, టామ్‌క్యాట్‌లో దాన్ని చదివే రిమోట్ ఐపీ వాల్వ్ పెట్టండి.

అసలైన అసంతృప్తి హెల్త్ చెక్ గురించి, అంటే వెనక సర్వర్ పనిచేస్తోందో లేదో చూడటం గురించి. ఉచిత వెర్షన్‌లో వెనక రెండు టామ్‌క్యాట్‌లు ఉంటే, ఒకటి పడిపోయిందని తెలియాలంటే ఎవరో ఒకరి నిజమైన రిక్వెస్ట్ దాన్ని తాకాల్సిందే. తనంతట తాను ముందే వెళ్లి పలకరించి చూసే సౌకర్యం డబ్బు కట్టే వెర్షన్‌లోనే ఉంది. ఇంజిన్‌ఎక్స్ లాగే సర్వర్ల ముందు నిలబడే హెచ్‌ఏప్రాక్సీ దీన్ని ఉచితంగా ఇస్తుంది. ఒకే టామ్‌క్యాట్ ఉన్నవాళ్లకి నేను ఇంజిన్‌ఎక్సే చెబుతాను. రెండు మూడు సర్వర్లు పెట్టి, ఒకటి ఆగినా ఎవరికీ తెలియకూడదు అనుకునేవాళ్లు మాత్రం హెచ్‌ఏప్రాక్సీ కూడా చూసి నిర్ణయించుకోండి.