చత్వారం పేరుతో 14,500 తగలేశాను, మీరు జాగ్రత్త

బస్టాండ్ ఎదురుగా, మెట్లెక్కి వెళ్లే ఆ కళ్లద్దాల షాపే. పేరు రాయను, మీలో సగం మందికి తెలుసు. ఇప్పుడే అక్కడి నుంచి వచ్చాను, ఒళ్లు మండిపోతోంది.

నాకు దూరం చూపుకి పవర్ మైనస్ రెండున్నర. ఇప్పుడు చత్వారం తోడైంది. ప్రోగ్రెసివ్ వేయించుకోండి, పైన దూరం, కింద దగ్గర, అన్నిటికీ ఒకటే జోడు అన్నారు. ఫ్రేమ్ మాత్రం నేనే ఏరుకున్నాను, సన్నగా ముచ్చటగా ఉందని. "భలే నప్పింది మేడమ్" అన్నాడు. 14,500 ఇస్తుంటే ఎందుకు నప్పదూ!

పది రోజులుగా పేపర్లు దిద్దలేక చస్తున్నాను. గడ్డం పైకెత్తితేనే అక్షరం కనిపిస్తుంది, అదీ సన్నటి పట్టీలో. స్టాఫ్ రూంలో "ఫ్యాన్లు లెక్కపెడుతున్నారా టీచర్" అని వెక్కిరింపు ఒకటి. రెండుసార్లు వెళ్తే అలవాటవుతుంది పొమ్మన్నాడు. ఇవాళ మూడోసారి వెళ్లి, "అద్దాలు తీసేస్తేనే పేపర్ శుభ్రంగా కనిపిస్తోందయ్యా" అన్నాను. ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు.

"అయితే తీసేసి చదువుకోండి, ఎవరొద్దన్నారు?"

కౌంటర్ దగ్గర నలుగురున్నారు. ఒకాయన కిసుక్కున నవ్వాడు.

ఇంకా మంట ఎందుకంటే, వాడన్నది నిజమే. మైనస్ రెండున్నర వాళ్లకి అద్దాలు లేకుండానే 40 సెంటీమీటర్ల దూరంలో అక్షరాలు స్పష్టంగా ఉంటాయి. ఆ ముక్క డబ్బులు లెక్కపెట్టుకోకముందు చెప్పి చావొచ్చుగా! నా బుద్ధి మాత్రం ఏమైంది? పాతికేళ్లుగా అద్దాలు నెత్తిమీదికి తోసి సూదిలో దారం ఎక్కిస్తున్నదాన్ని.

వస్తూ ఇంకో షాపులో చూపించాను. ఆయన లెన్స్‌ని లైటుకి ఎత్తిపట్టి, దానిమీద చెక్కి ఉన్న సన్నటి గుర్తులు వెతికి, స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టి నన్ను పెట్టుకోమన్నాడు. కంటిపాపకి ఎదురుగా ఉండాల్సిన గుర్తు కిందికి దిగిపోయింది. అక్కడి నుంచి ఫ్రేమ్ అడుగుదాకా ఈ లెన్స్‌కి కనీసం 18 మిల్లీమీటర్లు కావాలట, నాకున్నవి 14. చదువుకునే భాగం సగం కోతలోనే పోయింది. అసలు ఫ్రేమ్ నా ముఖానికి పెట్టి, కంటిపాప ఎక్కడొస్తుందో ఎవరూ మార్కే పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

లెన్స్ కోశాక వాపసు లేదట. బిల్లు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఆ అద్దాలతో అదెలా కనపడుతుంది?

వేయించుకునేవాళ్లు, ఫ్రేమ్ పెట్టుకుని ఉండగా రెండు కంటిపాపలకీ ఎదురుగా దాని అద్దాల మీద పెన్నుతో మార్కు పెట్టకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి. తెచ్చుకునేటప్పుడు లెన్స్ మీది ఇంకు గుర్తులు తుడవనివ్వకుండా ఒకసారి పెట్టుకుని, అవి కంటిపాపకి ఎదురుగా ఉన్నాయో లేదో అద్దంలో చూసుకోండి. ఎత్తు తక్కువున్న సన్న ఫ్రేములు వద్దు.